డప్పు పోని తండా

"ఆ మనిషి ఈ గడప తొక్కితే నేను బువ్వ ముట్ట," అని కట్టమ్మ మళ్లీ అన్నది.

కోడలు లత పొయ్యి మీది గిన్నె దించింది. ఇవాళ ఆమె భర్త మధు ఏడాది మాసికం. చుట్టాలతోపాటు తండా నుంచి చాంద్యాను కూడా పిలవాలని కోడలు, వద్దని అత్త. మధు ప్రాణం తీసింది చాంద్యా ఆటోయే.

గార్ల దగ్గరి ఆ మిరప చేన్లలో కాంట కాడి అన్యాయం చూడని కూలి మనిషి లేదు. ఏరిన కాయ తూచాక, తాలుకాయ ఉందంటూ చేను యజమాని వెంకట్రాం పటేల్ తూకంలో తోచినంత తగ్గించేవాడు. పోయిన ఏడు ఊరి ఆడవాళ్లంతా కిలో లెక్క వద్దు, రోజు కూలి ఇస్తేనే చేన్లోకి దిగుతామన్నారు. కూలీల సంఘం సమ్మె డప్పు కొట్టించింది. తండా వేరే పంచాయతీ అయ్యాక ఊరి డప్పు అటు పోవడం మానేసింది. ఆ రోజూ పోలేదు. పనుందని పటేల్ కబురు పెడితే తండా ఆడవాళ్లు చాంద్యా ఆటో ఎక్కారు. మలుపు తిరగ్గానే తోవకు అడ్డంగా సమ్మె జనం, అందరికన్నా ముందు మధు. చాంద్యా పక్కకు తిప్పబోయాడు. ఆటో మధు మీద బోర్లా పడింది. ఆ తర్వాత ఊరూ తండా ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చున్నాయి. పటేల్ కాంట ఎప్పటిలాగే ఊగింది.

మళ్లీ కోతలొచ్చాయి, సమ్మె మాటా లేచింది. సాయంత్రం సంఘం మీటింగు ఈ వాకిట్లోనే. ఈసారి కర్రలతో తోవ కాయాలని మధు తమ్ముడు నగేశ్ పట్టు.

"ఎవల్ని కొడ్తవ్ నగేశ్?" అన్నది లత. "సమ్మె అని తండోళ్లకు చెప్పినోడు మనల ఒక్కడున్నడా? ఊరోళ్లు పెండ్లికి పోయిన్రని పటేల్ చెప్పిండంట. దవాఖానల తండోళ్లు చెప్తేనే నాకు ఎరుక."

"అంటే మా అన్నదే తప్పంటవా, వదినె?"

"అంట. పోయినోడని అనకుంటె ఇంకొకలు పోతరు."

అని, లత గోడకు తిరిగి ఏడ్చింది. మామ సదానందం తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కట్టమ్మ అడిగింది. "ఆటో కింద పడి చాంద్యా పెండ్లాం గూడ సచ్చిపాయె గద. ఆమె పేరేంది?"

నగేశ్‌కు తెలియదు. సదానందానికీ తెలియదు. ఆ మలుపులో సంఘం పాతిన రాయి మీద మధు పేరొక్కటే ఉంది.

"ద్వాలి," అన్నది లత. "దవాఖానల నా చెయ్యి పట్టుకొనే పానం ఇడిసింది."

కట్టమ్మ ఆ పేరును పెదవుల్లోనే అనుకున్నది. కొంగుతో ముఖం తుడుచుకొని, చుట్టాలంతా వింటుండగా, గొంతు పెంచకుండా చెప్పింది.

"మీటింగు ఈడ గాదు. తండల, ద్వాలి వాకిట్ల. వాళ్లు తిడ్తే పడ్త. లతెంబడి నేను పోతున్న."