పదకొండో వైరు

2006 జూలైలో వట్లూరులోని ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించే పని నిస్సీ మీద పడింది. గుండుగొలను నుంచి రోజూ బస్సులో వచ్చే ల్యాబ్ ప్రోగ్రామర్ ఆమె. ఆ కంప్యూటర్లకు సీడీ డ్రైవులు లేవు. అందుకని మూలనున్న సర్వర్ నుంచి వైరు మీదుగానే అన్నిటికీ ఎక్కేలా ఏర్పాటు చేసింది. కంప్యూటర్ ఆన్ కాగానే నెట్‌వర్క్‌లో తనకో అడ్రసు నంబరు అడుగుతుంది. సర్వర్ అడ్రసిచ్చి, ఏ ఫైలుతో మొదలవ్వాలో కూడా చెబుతుంది. ఆపైన పని దానంతటదే సాగాలి.

సాగలేదు. అడ్రసు వచ్చేది, ఫైలు దొరకలేదంటూ తెర నల్లగా ఆగిపోయేది. విచిత్రంగా భోజనాల వేళ తొమ్మిది కంప్యూటర్లకు చకచకా ఎక్కేసింది. రెండు కొట్టగానే మిగతావి మళ్లీ మొండికేశాయి.

"భోంచేశాక నిద్రొస్తుంది కదండీ పాపం వాటికీ," అన్నాడు అటెండర్ క్రీస్తుదాసు.

నిస్సీ ఆగిపోయిన తెర మీది అడ్రసు చూసింది. తన సర్వర్ ఇచ్చేవన్నీ పదితో మొదలవుతాయి. ఇదేమో నూట తొంభై రెండుతో మొదలైంది. అంటే సర్వర్ కన్నా ముందే ఇంకేదో పెట్టె జవాబిచ్చేస్తోంది. దానికి అడ్రసివ్వడం వచ్చు, ఫైలు సంగతి తెలీదు.

కాలేజీ నెట్‌వర్క్ వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె దగ్గరికెళ్లి ఒక్కో వైరూ పీకి చూసింది. పదకొండోది పీకగానే కంప్యూటర్లు కదిలాయి. దాని మీద చీటీ అంటించి ఉంది: వైస్ ప్రిన్సిపాల్.

ఆయన పాండురంగారావు గారు. భోజనానికెళ్తూ గదిలో కరెంటంతా ఆపేసి వెళ్లే మనిషి. సొంత పరికరాలేవీ కాలేజీ నెట్‌వర్క్‌కు తగిలించరాదని నోటీసు మీద సంతకం పెట్టిందీ ఆయనే.

నిస్సీకి అడిగే ధైర్యం లేదు, నవ్వూ ఆగడం లేదు. పీకిన వైరు తిరిగి పెట్టకుండా అలాగే వదిలేసింది.

అయిదు నిమిషాల్లో ఆయనే వచ్చారు. "ఏవమ్మా, నా గదిలో నెట్ పోయిందేంటి?"

"మీ లైన్లో ఏదైనా పెట్టె తగిలించారాండీ?"

"ఛ ఛ, నా దగ్గరెందుకుంటుందమ్మా!"

"అలాగేనండీ," అని వైరు పెట్టింది. ఆయన మెట్లెక్కి గదిలో కూర్చునేలోగా మళ్లీ పీకింది. మళ్లీ వచ్చారు. మళ్లీ పెట్టింది. మూడోసారి ఆయన క్యారేజీ సంచితో దిగారు. అందులో పేపర్లో చుట్టిన చిన్న రౌటర్.

"ఎవరో నా బల్ల కింద పెట్టి పోయారమ్మా."

"అయ్యో! ప్రిన్సిపాల్ గారికి కంప్లయింట్ రాయమంటారాండీ?"

"వద్దొద్దు." ఆయన గొంతు తగ్గించారు. "ఒక్క లైనే రెండిటికీ పంచుకుందామని ఇంట్లోది తెచ్చుకున్నాను. ఆఫీసు కంప్యూటర్లో మార్కుల లిస్టులు. లాప్‌టాప్‌లో... చదరంగం. ఎవరో రష్యా ఆయన నా మంత్రిని తీసేసి కూర్చున్నాడమ్మా."

నిస్సీ పెదవి కొరుక్కుంటూ ఆ రౌటర్ అడ్రసులు పంచకుండా సెట్టింగు మార్చి తిరిగిచ్చింది. "ఇక నోరెత్తదండీ ఇది. వెళ్లి ఆడుకోండి."

ఆయన వెళ్లలేదు. వరసగా లినక్స్ ఎక్కుతున్న కంప్యూటర్ల మధ్య నిలబడిపోయారు.

"ఆ చివరిది మీరే ఆన్ చేయండి సార్," అంది.

చేశారు. నల్లటి తెర మీద తెల్లక్షరాలు పరుగందుకోగానే "వచ్చేసిందమ్మా!" అని అరిచారు. పక్క క్లాసు కిటికీల్లోంచి పిల్లలంతా తొంగి చూశారు. ఆయనకు సిగ్గు కూడా వేయలేదు. కుర్చీ లాక్కుని, ఒక్కో వరసకూ అర్థం అడుగుతూ, తన తాడేపల్లిగూడెం బస్సు వెళ్లిపోయేదాకా అక్కడే కూర్చున్నారు.