తీర్పు రాని పిల్ల

పొద్దున ఏడున్నరకల్లా ఆ ఇంటి ముందుగది నిండిపోయేది. బదిలీ కావాలనేవాళ్లు, బదిలీ వద్దనేవాళ్లు, తమ వీధికి రోడ్డు కావాలనేవాళ్లు, ఆ రోడ్డు తమ గోడ జోలికి రాకూడదనేవాళ్లు, అందరూ అవే బెంచీల మీద మోకాళ్లు తగిలించుకుని కూర్చునేవాళ్లు. స్టెనో ఏడింటికే వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర పెన్సిళ్లు చెక్కుకుని, ఎవరు ఏ పని మీద వచ్చారో వరసగా రాసుకునేది. కోర్టులో రెండేళ్లు, ఈ ఇంట్లో ముప్పై మూడేళ్లు, ఆవిడ బతుకంతా ఇదే. ఆవిడకి యాభై ఏడు నిండినా ఆయన నోట మాత్రం ఇంకా "అమ్మాయ్".

ఆయనంటే జడ్జిగారు. బెంచీ దిగి ముప్పై మూడేళ్లయినా, రెండుసార్లు మంత్రయినా, పార్టీలో పెద్ద తలకాయలన్నిటికీ పెద్ద తలకాయైనా, జనానికి ఆయన జడ్జిగారే. చాటుగా మాత్రం చూద్దాంగారు. ఎవరేం అడిగినా కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "చూద్దాం" అనేవారు. అదేం మహిమో గానీ, బదిలీ కావాలన్నవాడూ వద్దన్నవాడూ ఇద్దరూ తమ పని అయిపోయినట్టే హుషారుగా మెట్లు దిగేవాళ్లు. పార్టీ రెండుసార్లు చీలింది. చీలిన ప్రతి ముక్కా ఆయన మావాడే అనుకుంది. అవునూ కాదూ అనని మనిషితో ఎవరికి మాత్రం తగువెందుకు? అలా ఎక్కడా దిగకుండా, ఎవరినీ తొయ్యకుండా, మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోయారు.

ప్రతినెలా మొదటి సోమవారం ఒక కుట్టుపని ఆవిడా, బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన ఒకాయనా వచ్చేవాళ్లు. ఇద్దరి మధ్యా ఆరేళ్ల పిల్ల. పేరేదో ఉంది గానీ అందరూ పిట్ట అనేవాళ్లు. ఆ ఇద్దరూ ఒకప్పటి మొగుడూ పెళ్లాలు. విడిపోయాక పిల్ల నాకంటే నాకని కోర్టుకెక్కారు. వాదనలన్నీ అయిపోయి, తీర్పు రేపో మాపో అన్నప్పుడు పిట్టకి ఆరేళ్లు. తీర్పు రాలేదు. పిట్ట అక్కడే ఆగిపోయింది.

దాన్నెవరూ వింతగా చూడలేదు. "కేసులో ఉన్న పిల్ల కదా, పాపం" అనేవాళ్లు, అంతే. డాక్టరు ఎత్తు కొలిచి, "తేలితే పెరుగుతుందిలెండి" అని బలం మందు రాసిచ్చాడు. బడి ఏటా తెరవగానే ఒకటో తరగతి హాజరు పట్టీలో దాని పేరు మొదటే రాసేసేవాళ్లు. దాని పక్కన కూర్చుని పలక పగలగొట్టుకున్న పిల్ల ఇప్పుడు అదే తరగతికి టీచరు. బస్సులో కండక్టరు అడక్కుండానే సగం టికెట్టు కొట్టేవాడు. తల్లి కొలత తీసుకోకుండా గౌన్లు కుట్టేసేది. తీర్పు వచ్చేదాకా సోమవారం నుంచి గురువారం వరకు తల్లి దగ్గర, మిగతా రోజులు తండ్రి దగ్గర అని కోర్టు అప్పట్లో చెప్పిన మాటే ఇప్పటికీ నడుస్తోంది. ముప్పై మూడేళ్లుగా ఆ పిల్ల సంచీ సర్దుకుంటూనే ఉంది.

మొదట్లో ఆ ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చునేవాళ్లు. పదేళ్లకి ఒకే బెంచీ మీదకి వచ్చారు. ఇప్పుడు ఒకే సీసాలో నీళ్లు తాగుతున్నారు. ఆవిడకి దగ్గొస్తే ఆయన వీపు రాస్తాడు. ఆయనకి కళ్లు ఆనక ఆవిడ మెట్లు లెక్కపెట్టి చెబుతుంది. వాళ్ల తగువు ఎప్పుడో చచ్చిపోయింది. కేసే చావలేదు.

పోనీ రాజీ పడదామని కోర్టుకి వెళ్తే, గుమాస్తా బీరువాలన్నీ తిరగేసి, "ఫైలు ఇక్కడ లేదండీ. ఫైలు లేనిదే మేమేం చెయ్యలేం. ఆఖరున జడ్జిగారు చూశారని పుస్తకంలో రాసుంది. ఆయన్నే అడగండి" అన్నాడు. ఆయన్ని అడిగితే "వెతికిస్తున్నాను, చూద్దాం" అన్నారు.

ఫైలు ఎక్కడుందో స్టెనోకి తెలుసు. ఆయన ఆఫీసు గదిలో ఇనప బీరువా మూడో అర. కోర్టులో ఆయన ఆఖరి శుక్రవారం ఆవిడకి నిన్న జరిగినట్టే ఉంది. పొద్దున ఆయన తీర్పు చెప్పి రాయించారు, పిల్ల తల్లికి. టైపు చేసి ముందు పెడితే, చదివి, "ఏమిటో అమ్మాయ్, ఆ డ్రైవరుకి అన్యాయం చేస్తున్నామేమో" అన్నారు. మధ్యాహ్నం ఇంకొకటి చెప్పారు, పిల్ల తండ్రికి. అదీ చదివి, "అయ్యో, ఆ తల్లి ఏమైపోవాలి?" అన్నారు. రెండూ న్యాయంగానే ఉన్నాయి, రెండూ కళ్లనీళ్లు తెప్పించేటట్టే ఉన్నాయి. "సోమవారం చూద్దాం" అని రెండింటినీ ఫైల్లో పెట్టి, ఫైలు కారులో పెట్టించి ఇంటికెళ్లారు. శనివారం పార్టీవాళ్లు వచ్చారు. ఆదివారం రాజీనామా. సోమవారం ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

ఫైలు పంపించేద్దామనే అనుకున్నారు. మొదటి వారం గుర్తురాలేదు. మొదటి నెల తీరిక లేదు. ఏడాది గడిచాక పంపిస్తే ఇన్నాళ్లూ ఏం చేశారంటారు. పదేళ్లయ్యాక ఆ ఫైలు బయటపడితే పత్రికలవాళ్లు పీక్కుతింటారు. మనిషి చెడ్డవాడు కాదు. పిట్ట వచ్చినప్పుడల్లా బిస్కెట్లు తెప్పించేవారు. అది తింటుంటే చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు.

ఈసారి సోమవారం ఇల్లు ఇల్లులా లేదు. గురువారం ఆయన ప్రమాణ స్వీకారం. ఇన్నేళ్లకి ప్రభుత్వానికే పెద్దవుతున్నారు. కొట్టుకు చస్తున్న రెండు వర్గాలకీ ఒప్పుదలైన మనిషి ఆయనొక్కరే మరి. వీధి చివరిదాకా కార్లు. ఆ సందడిలోనే స్టెనో వాళ్లని లోపలికి పంపి, తనూ పుస్తకం పట్టుకుని వెనకే వెళ్లింది.

"అయ్యా, ఇక తిప్పకండి," అంది కుట్టుపని ఆవిడ, కూర్చోకుండానే. "నాకు ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఈయనకి అరవై తొమ్మిది, కళ్లు కనపడవు. మేం పోతే దీన్ని ఎవరు చూస్తారు? ఇవాళ తీర్పు వస్తే పన్నెండేళ్లకి పద్దెనిమిది వస్తాయి, తన కాళ్ల మీద తను నిలబడుతుంది. ఆ పన్నెండేళ్లూ మాలో ఎవరో ఒకరం ఎలాగో ఈడ్చుకొస్తాం. ఇంకా ఆలస్యమైతే ఆరేళ్ల పిల్ల వీధిన పడుతుందండీ."

"అమ్మా, నేనిప్పుడు జడ్జిని కాను కదా," అన్నారాయన. "ఇవాళ నేను సంతకం పెడితే అది చెల్లదు. కావాలంటే మంచి హాస్టల్లో..."

"హాస్టలు వద్దయ్యా. మా పిల్లకి ఏడో పుట్టినరోజు కావాలి."

గదిలో పిట్ట బిస్కెట్టు నములుతున్న చప్పుడు ఒక్కటే.

"ఆయనకే ఇచ్చెయ్యండి," అందావిడ. "నా ఒంటి సంగతి నాకు తెలుసు. నాకు వ్యతిరేకంగానే రాయండి."

"అదేం మాటే!" అన్నాడు డ్రైవరు. "అయ్యా, దాని మాట వినకండి. గుడ్డివాడికి పిల్లనిస్తారా? ఆవిడకే ఇవ్వండి."

"నువ్వూరుకో."

"నువ్వే ఊరుకో. ఇన్నేళ్లూ నీ మాటే నెగ్గింది."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. తుడిచారు. అద్దం మీద ఏమీ లేకపోయినా ఇంకాసేపు తుడిచారు. "మళ్లీ మొదటికే వచ్చిందమ్మాయ్," అన్నారు స్టెనో వైపు చూస్తూ. నిజంగానే ఏం చెయ్యాలో తెలియక చూసిన చూపది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, మూడు రోజుల్లో దేశాన్ని చేతుల్లోకి తీసుకోబోతున్న మనిషి, తప్పిపోయిన పిల్లాడిలా చూశారు. "గురువారం అయిపోనివ్వండి. చూద్దాం."

వాళ్లు మెట్లు దిగుతుంటే స్టెనో వెనకే వెళ్లి, "గురువారం పొద్దున ఎనిమిదింటికి రండి," అంది. ఎందుకందో ఆవిడకే తెలీదు.

బుధవారమంతా ఆవిడకి పని మీద మనసు లేదు. జడ్జిగారికి ఒక అలవాటుంది. రోజుకి వంద కాగితాలు, ఏదీ చదవరు. స్టెనో పెన్సిలుతో చిన్న టిక్కు ఎక్కడ పెడితే అక్కడ సంతకం పెట్టేస్తారు. "నువ్వు చూశావుగా, చాలు" అంటారు. బీరువా తాళం ఆవిడ బల్ల సొరుగులోనే ఉంటుంది. ఈ రెండు సంగతులూ ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. రెండింటినీ కలిపి చూడటానికి మాత్రం ముప్పై మూడేళ్లు పట్టింది. ఒక్క టిక్కు! ఛీ, ఇన్నాళ్లూ ఏం చేశాను నేను, అనుకుంది. ఆవిడ చెడ్డదా? కాదు. తీర్పులు చెప్పడం తన పని కాదనుకుంది, రాసుకోవడమే తన పననుకుంది. పైగా నెలతిరిగేసరికి అద్దె కట్టాలి.

సాయంత్రం ఆయన మీటింగుకి వెళ్లాక మూడో అర తెరిచింది. రెండు తీర్పులూ పసుపుపచ్చగా మారి, అంచులు పెళుసెక్కి ఉన్నాయి. రెండూ మళ్లీ చదివింది. ఆయన్ని ఏం తప్పుపడతాం, రెండూ న్యాయమే. ఆఖరికి తనకి తెలిసిన పద్ధతే పట్టుకుంది. ముందు చెప్పిన మాట ముందుంటుంది. పొద్దున చెప్పింది తల్లికి. కింద తేదీ ఆ శుక్రవారానిదే. దాన్ని కొట్టేసి ఇవాళ్టి తేదీ వేద్దామని పెన్ను తీసింది గానీ, ఇవాళ ఆయన జడ్జి కాదే! పాత తేదీ ఉంటేనే చెల్లుతుంది. అలాగే వదిలేసి, సంతకం చోట పెన్సిలు టిక్కు పెట్టింది.

గురువారం ఎనిమిదింటికి ముందుగది పూలదండలతో, చెమట వాసనతో కిక్కిరిసిపోయింది. ఆ ఇద్దరూ పిట్టని ఒళ్లో కూర్చోబెట్టుకుని మూలన ఉన్నారు. లోపల జడ్జిగారు కోటు గుండీలు పెట్టించుకుంటూనే సంతకాలు చేస్తున్నారు. కారు పాసులు, ఆహ్వానాలు, కృతజ్ఞతల ఉత్తరాలు. పదకొండో కాగితం దగ్గర ఆయన పెన్ను ఆగింది.

"ఇదేంటమ్మాయ్, కాగితం ఇంత పాతది?"

"పాత బాకీ కాగితమండీ. ఇవాళ్టితో అయిపోతే మంచిది."

"నువ్వు చూశావుగా," అని సంతకం పెట్టేశారు.

స్టెనో ఆ కాగితం గుండెలకి హత్తుకుని ముందుగదిలోకి ఒక్క పరుగు తీసింది. పిట్ట ఎదగడం మొదలెట్టే ఉంటుంది, వేలెడైనా పొడుగై ఉంటుంది, చూడాలని ఆశ. గుమ్మంలోనే ఆగిపోయింది.

మూల బెంచీ మీద ఆ ముసలివాళ్ల మధ్య ఒక నడివయసు ఆడమనిషి కూర్చునుంది. గౌను కుట్లన్నీ పిగిలిపోయి ఉంటే తల్లి తన శాలువా ఆవిడ చుట్టూ కప్పుతోంది. పాపిట దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు. కళ్ల కింద సన్నటి ముడతలు. పక్కనున్నవాళ్లు కాస్త సర్దుకుని చోటిచ్చారు. "తీర్పు వచ్చినట్టుంది," అన్నాడొకాయన, పక్కవాడి భుజం తడుతూ.

తీర్పు మీద ఏ తేదీ ఉంటే ఆ తేదీ నుంచే తీర్పు. ఈ మాట కోర్టు బంట్రోతుకి కూడా తెలుసు. ముప్పై అయిదేళ్లు స్టెనోగా చేసినావిడకి తెలియదా? తెలుసు. పెన్ను తీసి మళ్లీ పెట్టేసినప్పుడు కూడా తెలుసు. తెలిసిన సంగతి ఆ క్షణంలో బుర్రకి ఎక్కలేదు, అంతే. తన చేత్తో, సాయం చేద్దామనే, ఒక పిల్ల ముప్పై మూడేళ్లు ఊడ్చేసింది. వెనక్కి తెప్పించే కాగితం ఏ బీరువాలోనూ లేదు.

అప్పుడే లోపల్నుంచి జడ్జిగారు బయటికొచ్చారు. జనం లేచి నిలబడ్డారు. దండల మధ్య నుంచి ఆయన చూపు మూల బెంచీ మీద పడింది. ముసలివాళ్లని గుర్తుపట్టారు. పిల్ల కోసం అటూ ఇటూ వెతికారు.

"పిట్టేదమ్మాయ్? తీసుకురాలేదా?"

స్టెనో చూపు శాలువా కప్పుకున్నావిడ మీదకి పోయింది.

"ఈవిడెవరు, కొత్తగా వచ్చినట్టుంది? ఏం కావాలో రాసుకో. వచ్చాక చూద్దాం," అని భుజాల మీద చేతులు వేయించుకుని కారెక్కారు. వీధంతా జేజేలు. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి కదిలి, మలుపు తిరిగి వెళ్లిపోయాయి.

గది ఖాళీ అయింది. శాలువా కప్పుకున్నావిడ లేచి నిలబడింది. తల్లి కంటే జానెడు పొడుగు. తల్లి దగ్గుతుంటే వీపు రాసింది, తండ్రి చెయ్యి పట్టుకుని లేపింది. వాళ్లు కోరుకున్నది అదేగా, పిల్ల తన కాళ్ల మీద తను నిలబడాలని. ఇప్పుడు నిలబడింది. వాళ్లు పోయినా ఇక వీధిన పడదు. తల్లి ఆ మాటే మనసులో అనుకుని, నవ్వబోయి, నవ్వలేక కూతురి మొహం రెండు చేతుల్తో పట్టుకుని అలాగే చూస్తుండిపోయింది.

"అమ్మా," అంది ఆవిడ, పెద్ద ఆడమనిషి గొంతుతో, "నాకు ఏడేళ్లు ఎప్పుడొచ్చాయి?"

తల్లి తండ్రి వైపు చూసింది. తండ్రి చూపానని కళ్లతో స్టెనో ఉన్నవైపు తిరిగాడు. స్టెనో ఆ కాగితం పట్టుకుని నిలబడే ఉంది.