సీటు మీద బస్తా

మా బావమరిది బ్రోచరు మీద నాకు కోపమేమీ లేదని మా ఆవిడ కనపడ్డవాళ్లందరికీ చెబుతుంది. ఉంది. చాలా ఉంది. బళ్ల షోరూంలో చేరిన దగ్గర్నుంచి మంచినీళ్లడిగినా కరపత్రం చదివినట్టే అడుగుతాడు కాబట్టి వాడికి ఆ పేరు ఖాయమైపోయింది.

నా పని కొండ మీదకి మొక్కలు చేరవేయడం. చెట్లు పెంచే కంపెనీవాళ్లు ఏటా వానల ముందు కొండవాలును ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో బండివాడికి రాసిస్తారు. పందొమ్మిదేళ్లుగా పైగట్టు ముక్క నాది. అది పోతే ఆ ఏటికి నాకు పని లేనట్టే. దారి మొత్తం మోకాలి లోతు బురద. అయినా నా పాత ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీ, అదే, బైకులా సీటూ హ్యాండిలూ ఉండే బురదబండి, లావుపాటి నాలుగు టైర్లతో, దగ్గుతూ మూలుగుతూ ఎక్కేది. దాని జబ్బులన్నీ నాకు తెలుసు, నావన్నీ దానికి తెలుసు.

ఈ ఏడు ఆఫీసు మేడం కొత్త రూలు తెచ్చింది. పదిహేనేళ్లు దాటిన బండి కొండెక్కకూడదట, ప్రమాదమట. ఆవిడది చిన్న వయసు, పెద్ద చదువు. నాది అయిదో తరగతి, అదీ సగం. సరేనని వచ్చేశాను.

ఆ సాయంత్రమే బ్రోచరు ఊడిపడ్డాడు.

"ఇంకా ఈ తుక్కు మీదే ఊరేగుతావా బావా? కొత్త మోడల్ చూడు. నాలుగు చక్రాలూ తిప్పడానికి లీవరు లాగే పని లేదు. చక్రం జారిందంటే దానికే తెలిసిపోద్ది. హ్యాండిల్ చిటికెన వేలుతో తిప్పొచ్చు."

"బురదలో దిగి నెట్టాల్సొస్తే?"

"దిగడమెందుకు బావా? ఈ బండెక్కినవాడు దిగడు!"

"మావాడు మీ మంచికే చెబుతాడండీ," అంది మా ఆవిడ తలుపు దగ్గర నుంచి.

"వాడి కమీషను మంచికి."

"మీకు ఎవరు మంచి చెప్పినా గిట్టదు కదా!"

పాతది ఇచ్చేసి, పైన డబ్బు కలిపి కొత్తది తెచ్చుకున్నాను. మెరుస్తూ, ముందు టీవీలాంటి తెర పెట్టుకుని వచ్చింది.

బురదలో మా బండివాళ్లది ఒక పద్ధతి. గుంత రాగానే సీటు దిగిపోవాలి. బండికీ గట్టుకీ మధ్య వంగి నడుస్తూ, ఒక చేత్తో యాక్సిలరేటర్ నొక్కుతూ, భుజంతో నెట్టుకుంటూ పోవాలి. మన బరువు తగ్గితే చక్రం తేలుతుంది. మొదటిరోజు తొలిగుంతలో అలవాటు కొద్దీ దిగాను. అయిదు అంకెలు లెక్కపెట్టేలోగా ఇంజను ఆగిపోయింది. ఎక్కితే స్టార్టవుతుంది, దిగితే చస్తుంది. ఎక్కి లాగిస్తే ఇరుసుల దాకా దిగబడింది.

ఫోన్ చేస్తే బ్రోచరు వచ్చాడు. బూట్లకి మట్టంటుతుందని దూరంగా గట్టు మీదే నిలబడ్డాడు.

"దిగావా బావా?"

"దిగాను."

"దిగితే ఆగద్దూ మరి! సీటు కింద మీటుంది. బరువు లేకపోతే మనిషి పడిపోయాడనుకుంటుంది. సేఫ్టీ! పుస్తకంలో నలభై మూడో పేజీ. చదవలేదా?"

"ఆ రోజు చెప్పి చావొచ్చుగా!"

"చెప్పానుగా బావా, ఎక్కినవాడు దిగడని."

నిజమే, చెప్పాడు. వాడి మాటల్లో అదొక్కటే అక్షరాలా నిజమైంది.

కూర్చునే పోవాలంటే గుంతలు తప్పించుకుని కొండ చుట్టూ తిరిగి రావాలి. సగం రోజు దారిలోనే గడిచిపోతుంది, ఆలోగా మొక్కలు వాడిపోతాయి. అందుకని ఆలోచించాను. మీట నొక్కుకోవడానికి ముప్పై కిలోలు చాలు, నేను అరవై రెండు. గోనెసంచిలో అడుగున ఇసుక పోసి, పైన రంపపుపొట్టు నింపి, సీటు మీద నిలబెట్టి తాళ్లతో బిగించాను. పొట్టు తడిస్తే బరువెక్కుతుందని నా రెయిన్‌కోటు దానికి తొడిగాను. హెల్మెట్ పెట్టుకుని వంగి నెడితే చెమట కళ్లలో పడుతోందని, అదీ దాని నెత్తినే పెట్టాను. నేను ఎప్పట్లాగే బండికీ గట్టుకీ మధ్య వంగి నడిచాను. బండి గుంతలన్నీ నవ్వుతూ దాటింది.

బస్తాని చూసి బ్రోచరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, బావకన్నా ఇదే నయం. నోరెత్తదు."

మా ఆవిడా నవ్వింది. నేనున్నానని కూడా చూడలేదు.

మూడు వారాల్లో కూలీలు సగం పైగట్టు నాటేశారు. అందరికన్నా నా మొక్కలే ముందు చేరాయి, నావే ఎక్కువ బతికాయి. నాలుగో వారం మొదట్లో మేడం తనే కొండ మీదకి వచ్చింది. అప్పుడే పొడినేల మీద బండి ఆపి, బస్తాని దించి, కోటు తీసి ఆరేస్తున్నాను. ఆవిడ చేతిలో ఒక ఫొటో ఉంది. కింద ఆఫీసు కిటికీలోంచి తీసిందట.

"మీ డ్రైవర్ ఏడీ?"

"నేనే మేడం."

"మీరు కాదు. లావుగా ఉంటాడు. మూడు వారాలుగా చూస్తున్నా, ఒక్కసారి కూడా సీటు మీంచి లేవలేదు, అటూ ఇటూ ఊగలేదు. హెల్మెట్ తీయలేదు. మిగతావాళ్లకి అతని చేత ట్రైనింగ్ ఇప్పించాలి. ఫొటో నోటీసు బోర్డు మీద కూడా పెట్టాం."

కాళ్ల దగ్గరున్న బస్తా వైపు చెయ్యి చూపించాను.

ఆవిడ బస్తా వైపు చూసింది. ఫొటో వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. అక్కడ నవ్వి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

"అయితే మూడు వారాలుగా డ్రైవర్ లేకుండా బండి కొండెక్కుతోందా?"

"పక్కనే ఉన్నాను మేడం. చెయ్యి యాక్సిలరేటర్ మీదే..."

"సీటు మీద లేరు."

"మొక్కలు చూడండి మేడం. ఒక్కటీ వాడలేదు."

"మొక్కల సంగతి నేనడగలేదు."

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి పిలిపించారు. నోటీసు బోర్డు మీద ఫొటో అప్పటికే తీసేశారు, నాలుగు గుండుసూదులు మిగిలాయి. నా ముక్కని సగం సగం చేసి ఇద్దరు కొత్తవాళ్లకి రాశారు. ఇద్దరివీ మా బావమరిది అమ్మిన బళ్లే. ఇప్పుడు వాళ్లు బుద్ధిగా సీటు మీద కూర్చుని, కొండంతా చుట్టి, వాడిపోయిన మొక్కలు పైకి చేరుస్తున్నారు. ఆ రోజే నన్ను ముక్క వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పేరు మాత్రం బాగానే రాయగలను, రాసిచ్చాను. పైగట్టులో మొత్తం ముప్పై ఎనిమిది ఎకరాల పాతిక సెంట్లు.