రహంతుల్లా పేరున్న పేజీ

బందరు బస్టాండుకు దగ్గర్లో ఒక జిరాక్సు షాపు ఉంది. ఫిబ్రవరి వచ్చిందంటే దాని ముందు ఎంబీఏ పిల్లలు బారులు తీరతారు. దారినపోయే పెద్దలు చూసి, "ఎంత శ్రద్ధగా చదువుతున్నారో!" అని మురిసిపోతారు. పాపం, వాళ్లకేం తెలుసు? ఆ షాపులో ఎప్పుడో ఎవరో రాసిన ప్రాజెక్టు పుస్తకాలు దొంతరలుగా ఉంటాయి. పేరు మార్చి, సంవత్సరం మార్చి, బంగారు అక్షరాల కొత్త అట్ట వేసి అమ్ముతారు. కొనేవాడికి సిగ్గు లేదు, అమ్మేవాడికి భయం లేదు. అందరూ చేసే తప్పు చూస్తూండగానే ఆచారమైపోయింది.

ఆ రోజు ఆ వరుసలో పెడన అమ్మాయి నీలోఫర్ కూడా నిలబడింది. ఆమె చెడ్డపిల్లని అనుకోకండి. ఎంబీఏలో ఫైనాన్సు తీసుకుని, మూడు వారాలుగా ప్రాజెక్టు విషయం కోసం తల బద్దలు కొట్టుకుంటోంది. షేర్ మార్కెట్టు అంది, బ్యాంకుల విలీనం అంది, క్రిప్టో అంది. గైడు సౌభాగ్యమ్మ గారు మూడింటినీ, "ఇందులో నీ ప్రశ్న ఏదమ్మా?" అని తిప్పి పంపారు. విషయం ఖాయం చేసుకోవడానికి సోమవారం ఆఖరి గడువు. అది దాటితే ఏడాది ఆగాలి. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఇంట్లో లేదని నీలోఫర్‌కి తెలుసు.

"ఫైనాన్సేగా? సిమెంటు కంపెనీది ఉందండీ, చాలా బాగుంటుంది. మీ సీనియర్లందరూ మా షాపులోనే రీసెర్చి చేశారు," అన్నాడు షాపు యజమాని రవికుమార్, నవ్వకుండా.

రంజాన్ బట్టలకని తల్లి ఖైరున్ బీ దాచిన డబ్బులోంచి ప్రాజెక్టు ఖర్చుకని ఇచ్చిన నాలుగు వేలు చేతులు మారాయి. విషయమూ దొరికింది, పనీ తప్పింది. సాయంత్రం బస్సులో ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నీలోఫర్‌కి మాత్రం మనసు ఎందుకో కుదురుగా లేదు.

తండ్రి రహంతుల్లా పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, రెండు బల్లలు, పాతిక చెక్క అచ్చులు, అదే అతని ఆస్తి. కూతురి చేతిలో నల్ల అట్ట పుస్తకం చూసి, రంగంటిన చేతుల్ని రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని మరీ దగ్గరికొచ్చాడు.

"ఇందులో అమ్మానాన్నల పేర్లు వేస్తారటగా? మా పక్క షెడ్డు సుబ్బారావు చూపించాడు, వాళ్లబ్బాయి పుస్తకంలో ఆయన పేరుంది. మా పేజీ ఏదమ్మా?"

నీలోఫర్ తెల్లబోయింది. పేరు అట్ట మీద మార్చారు గాని లోపలి కృతజ్ఞతల పేజీని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పేజీ తెరిచింది. రహంతుల్లాకు ఇంగ్లీషు రాదు. బ్యాంకు పాసుపుస్తకంలో చూసి చూసి తన పేరు ఎలా ఉంటుందో మాత్రం గుర్తుపట్టగలడు. వేలితో ఒక్కో వరుసా వెతికాడు. కింద దాకా వెళ్లి, మళ్లీ పైకొచ్చాడు.

"కనపడట్లేదే. నా కళ్లు పోయినట్టున్నాయి, నువ్వు చదువు బేటీ."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వేలు ఇంకా పేజీ మీదే ఉంది. నీలోఫర్ ఆ అబద్ధం ఆడలేకపోయింది. "పెదపారుపూడిలో రెండు గేదెల పాలు అమ్మి నన్ను చదివించిన మా నాన్నగారికి..." అని చదివి, తలొంచుకుని ఉన్నదంతా చెప్పేసింది.

ఖైరున్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రహంతుల్లా పుస్తకం మెల్లగా మూశాడు. తర్వాత నవ్వడానికి ప్రయత్నించాడు.

"పోనీలేమ్మా. ఆ గేదెలాయన కూడా ఎంత కష్టపడ్డాడో ఏమో. ఆయనకి చెప్పిన థాంక్సు ఆయనకే ఉండనీ."

తిట్టినా బాగుండేది. ఆ మాటకు నీలోఫర్ కళ్లు నిండిపోయాయి.

ఆదివారం పొద్దున్నే షెడ్డులో తండ్రికి గుడ్డ పట్టుకోవడానికి వెళ్లింది. అచ్చు అద్దుతూ అతనే అడిగాడు, "ఇంతకీ ఆ సిమెంటు పుస్తకంలో ఏముందమ్మా?"

"పని మొదలుపెట్టిన రోజు నుంచి అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా ఎన్నాళ్లు పడుతుందో లెక్క నాన్నా. అన్నాళ్లూ పెట్టుబడి సరుకులో ఇరుక్కుని ఉంటుంది."

"అదా! అది నన్నడుగు." రహంతుల్లా అచ్చు కింద పెట్టాడు. "బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి నల్లరంగు తేవాలంటే పదిహేను రోజులు. గుడ్డకి కరక్కాయ పట్టించాలి, అద్దాలి, ఉడకబెట్టాలి, పారే కాలువలో జాడించాలి, ఎండబెట్టాలి. ఏప్రిల్లో కాలువ కట్టేస్తారా, జాడించే దారి లేదు. కాలువ వదిలేసరికి వానలు. నీళ్లున్నప్పుడు ఎండుండదు, ఎండున్నప్పుడు నీళ్లుండవు. బ్యాంకు అప్పు వాయిదా మాత్రం ప్రతి నెలా ఐదో తారీకు. దానికి ఎండా తెలీదు, వానా తెలీదు."

నీలోఫర్ పట్టుకున్న గుడ్డ వదిలేసింది. పోయిన వేసవిలో రెండు వాయిదాలు తప్పాయని బ్యాంకు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా, తండ్రికి డబ్బు వ్యవహారం చేతకాదని లోలోపల సిగ్గుపడింది ఈ పిల్ల. అతనికి చేతకాక కాదు. కాలువను బట్టి వచ్చే సంపాదనకు నెలను బట్టి వాయిదా పెట్టారు. ఇన్నాళ్లూ ఆమె అది అడగలేదు, అతను చెప్పలేదు. ఆ కొన్న పుస్తకం చివర ఖాళీ కాగితాలు మూడుంటే, తండ్రి చెబుతుండగా వాటి మీదే గబగబా రాసుకుంది.

సోమవారం ఆ పుస్తకాన్నే సౌభాగ్యమ్మ గారి బల్ల మీద పెట్టి, "ఇది కొన్నదండీ మేడమ్. చివరి మూడు పేజీలే నావి," అంది.

ఆవిడ ముందు పేజీలు చూడలేదు. వెనక పేజీలు రెండుసార్లు చదివారు. "ముందే చెప్పావు కాబట్టి సరిపోయింది. ఇదే నీదని చెప్పి ఇచ్చుంటే నేనే ఫెయిల్ చేసేదాన్ని. ఈ వంద పేజీలూ చింపెయ్, ఈ మూడూ ఉంచు. ఇదే నీ విషయం," అన్నారు.

నీలోఫర్ పెడనలో నలభై షెడ్లు తిరిగింది. ఏప్రిల్లో ఎండిన కాలువ గట్టున కూర్చుని, ఏ నెలలో ఎంత పని, ఎంత రాబడి అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంది. "మా సంగతి కూడా చదువేనా అమ్మా?" అని అడిగిన సుబ్బారావు, ఆ మర్నాడు తన పాత బిల్లులన్నీ గోనెసంచిలో తెచ్చి ముందు కుమ్మరించాడు. రవికుమార్ నాలుగు వేలు తిరిగి ఇవ్వలేదు. దాన్ని ఆమె ట్యూషన్ ఫీజనుకుంది.

జూన్‌లో వైవా అయిన రోజు తల్లిదండ్రులు కూడా బందరు వచ్చారు. రహంతుల్లా ఈసారి కూడా చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. కృతజ్ఞతల పేజీ తెరిచి వేలు పెట్టాడు. మొదటి వరుసలోనే ఆగిపోయింది. ఆ పక్కనే ఖైరున్ బీ పేరుంది, కింద నలభై షెడ్ల వాళ్ల పేర్లూ ఉన్నాయి. అతను భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

నీలోఫర్ సౌభాగ్యమ్మ గారి పాదాలకు వంగబోతే ఆవిడ ఆపి, తండ్రి వైపు తిప్పారు.

"దణ్ణం అక్కడ పెట్టు. నీకు పాఠం చెప్పింది ఆయన. ఒక్క మాట గుర్తుంచుకో. అన్నం పెట్టిన వాళ్లకి మనం చెప్పే కృతజ్ఞత మనదై ఉండాలంటే, ముందు మన చదువు మనదై ఉండాలమ్మా."