మూడో మాట శేఖర్‌కు పడ్డది

గుడ్ ఫ్రైడే ముందటి మట్టల ఆదివారం చీటీలు తీసిన్రు గదా, అప్పుడే సగం చర్చి సంఘానికి గుండె ఆగినంత పనైంది. మూడో మాట శేఖర్‌కు పడ్డది!

శంషాబాద్‌ల ఆ రేకుల చర్చిల ప్రతి గుడ్ ఫ్రైడేకు గదే పద్ధతి. యేసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటలు ఏడుగురు చెప్పాలె. ఎవరికి ఏదనేది చీటీల్నే తేలాలె. మూడోది తల్లితోని అన్న మాట. "అమ్మా, ఇదిగో నీ కుమారుడు" అని పక్కన నిలబడ్డ శిష్యుణ్ణి చూపెట్టిన మాట.

ఇగ శేఖర్ ఎవరంటరా? పోయినేడు ఎయిర్‌పోర్ట్ కార్గోల డ్యూటీ దిగి, దోస్తు లక్ష్మణ్‌ను బండి మీద ఎక్కించుకొస్తుంటే కొత్వాల్‌గూడ మలుపుకాడ టిప్పర్ గుద్దింది. శేఖర్‌కు చెయ్యి విరిగింది. లక్ష్మణ్ దవాఖానకు పోకముందే పాణం ఇడిచిండు. లక్ష్మణ్ తల్లి జంగమ్మ ఇప్పటికీ ప్రతి వారం ముందు చాప మీదనే కూసుంటది. ఏడాది సంది శేఖర్‌తోని ఒక్క మాట లేదు.

"చీటీ మార్చుకో తమ్మీ," అని స్వరాజ్యం అక్క బతిమాలింది. ఆమెది నాలుగో మాట. "నీ నోట్లకెళ్లి గది వింటే జంగమ్మ లేచి పోతది. ఇగ చర్చి మొఖం చూడది."

"చీటీలు మార్చొద్దని పోయినేడు నన్ను తిట్టింది నువ్వే గదక్కా?"

"గది వేరే, గిది వేరే! మొండోడా!"

మొండితనం కాదు. ఇంకెప్పుడు చెప్తడు? వారమంతా అద్దం ముంగట నిలబడి ఒక్కటే లైను బట్టీ పట్టిండు: 'పెద్దమ్మా, ఇగ నేనే నీ కొడుకును.' ఆమె లేచి పోతే మాత్రం లక్ష్మణ్‌తో పాటు ఆమె దేవుణ్ణి గూడ తనే గుంజుకున్నట్టు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. మీద రేకులు కాగుతున్నయ్, అందరు ఉపాసం, పెదాలు ఎండిపోయినయ్. రెండో మాట అయింది, పాట గూడ అయింది. "మన శేఖర్," అన్నరు పాస్టర్ కుర్మయ్య అయ్యగారు. పైనుంచి విమానం పోతుంటే ఎప్పటిలెక్క అందరు ఆగిన్రు. అది పోవద్దనే కోరుకున్నడు శేఖర్. పోయింది.

వాక్యం చదివిండు. తలెత్తిండు. జంగమ్మ రెప్ప గూడ కొడ్తలేదు.

బట్టీ పట్టిన లైను పక్కకు పెట్టిండు.

"ఈ శిష్యుడు..." అన్నడు. "చూడుండ్రి, 'నేనే నీ కొడుకును' అని ఈయన అన్లేదు. నోరే తెరవలే. యేసయ్య అనొచ్చు గని, ఆ మాట అననీకి ఈయనెవరు? గందుకే గమ్మునున్నడు..."

జంగమ్మ లేచి నిలబడ్డది.

"నే చెప్పలే?" అని స్వరాజ్యం అక్క నెత్తి కొట్టుకున్నది. అయ్యగారు రెండడుగులు ముంగటికి వేసిన్రు. గని జంగమ్మ తలుపు దిక్కు తిరగలే. శేఖర్ దిక్కే చూస్తున్నది.

"ఆయన గమ్మునుంటే ఈ మాటలన్ని నాకెట్ల తెలిసినయ్‌రా? ఆ తల్లి కొడుకు ఆఖరికి ఏమన్నడో పక్కనున్నోడు చెప్తేనే గదా రాసిన్రు! ప్రతి యేడు వింటున్న. నా కొడుకు పక్కన నువ్వొక్కనివే ఉన్నవ్. వాడేమన్నడో ఎందుకు చెప్పలే?"



"నీకు నా మీద కోపమని... నీ ముంగటికి రావొద్దని అందరు..."

"కోపమే! లేదన్ననా? కోపముంటే చెప్పవా?"

శేఖర్ బైబిల్ మూసిండు. ఇన్నొద్దులు ఎవ్వరికీ చెప్పలే, ఇంట్ల అమ్మకు గూడ.

"అమ్మకు ఫోన్ చేయకురా అన్నడు పెద్దమ్మా. పరేషాన్ అయితది, ఇంటికి పోయినంక నేనే చెప్పుకుంట అన్నడు."

జంగమ్మ నోట్లె కొంగు కుక్కుకున్నది. "దొంగ ముండకొడుకు," అన్నది, "దెబ్బ తగిలితే ఎప్పుడు గిట్లనే దాస్తడు." మళ్ల అడిగింది: "నొప్పన్నడా?"

అబద్ధం నాలుక మీదికొచ్చింది. వెనుకకు మింగిండు.

"అన్నడు."

ఆమె కూలబడ్డది. ఇగ అయిపోయిందనుకున్నరు అందరు. ఆమె ఆడోళ్ల చాప మీదనే పక్కకు జరిగి, జాగ చేసింది.

"ఇటొచ్చి కూసో. మొదటికెళ్లి చెప్పు."

శేఖర్ దిగి పోయి ఆమె పక్కన కూసున్నడు. స్వరాజ్యం అక్క నాలుగో మాటకు లేవలే. లెమ్మని అయ్యగారు గూడ అన్లేదు.