కర్నాల్‌కి బంగినపల్లి లోడు

జనవరి చలిలో మామిడి మొక్కలు వేసుకుని హర్యానా దాకా పోతారా ఎవరైనా? శివపార్వతి పోయింది. తిరువూరులో నర్సరీ నడిపే మనిషి. భర్త పోయాక మూడేళ్ళుగా ఆ పనంతా ఒంటిచేత్తో లాక్కొస్తోంది. కర్నాల్ దగ్గర ఒక రిటైర్డ్ మిలటరీ సుబేదారు పదిహేను వందల బంగినపల్లి అంటుమొక్కలు కావాలన్నాడు. మొక్క బతికుంటేనే దింపుకుంటాను, లేదంటే లారీ అటునుంచటే తిప్పి పంపిస్తానని తెలుగొచ్చిన మనిషి చేత ఫోన్‌లోనే ఖరాఖండిగా చెప్పించాడు. పరాయి రాష్ట్రానికి ఆమె పంపే మొదటి లోడు అది. అది కాస్తా తిరిగొస్తే అంత దూరం నుంచి ఆమెను నమ్మి ఇంకెవరూ మొక్క అడగరు.

లారీ ఖాదర్‌బాషాది. ఆడమనిషి ఒంటరిగా లారీలో పోతే ఊరు ఊరుకుంటుందా? అందుకని భార్య కరీంబీని కూడా ఎక్కించాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా కరీంబీ ఖమ్మం దాటి ఎరగదు. నాగపూర్ దాటేసరికి ఉన్న దుప్పట్లన్నీ తనే చుట్టుకుని, "ఇదేం చలయ్యా, ఎముకలు కొరికేస్తంది! ఇక్కడి జనం ఎట్టా బతుకుతున్నారో ఏమో" అని మొగుణ్ణి సతాయించడం మొదలుపెట్టింది. చలిని తనే తెప్పించినట్టు ఖాదర్‌బాషా ఆ మాటలన్నీ పడుతూ బండి నడిపాడు.

నర్సరీవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. లోడు ఎన్ని రోజులు నడిచినా సరే, పొద్దుగూకే వేళకి బండి ఆపి, పైన కప్పిన టార్పాలిన్ పట్టా తీసి, ఆకులు తడిసేలా నీళ్ళు కొట్టాలి. మన ఎండలకి అలా చెయ్యకపోతే మర్నాటికి మొక్క వాడిపోతుంది. శివపార్వతి ఆ పని ఒక్క పూట తప్పలేదు. ఝాన్సీ దాటాక ఒక ధాబా దగ్గర ఆమె పైపు అందుకుంటుంటే, ధాబా యజమాని పరుగున వచ్చి హిందీలో ఏదో చెప్పాడు. ఆమెకి హిందీ రాదు.

"ఈ చలికి ఆకు మీద నీళ్ళు పడితే గడ్డ కడతాయంటమ్మా. పట్టా కప్పేసి ఉంచమంటన్నాడు" అన్నాడు ఖాదర్‌బాషా.

"రొట్టెలు కాల్చేవాడికి మొక్కల సంగతేం తెలుసన్నా? మా మావగారి కాలం నుంచీ చేసే పనేగా ఇది. మీరు పట్టా తియ్యండి."

తీశాడు. తడి ఆరాలని మళ్ళీ కప్పనివ్వలేదామె. మొక్క ఆమెది, బండి మాత్రమే తనది. గట్టిగా ఇంకో మాట అనుంటే బాగుండేది, అనలేదు.

తెల్లారి చూస్తే పై వరసల ఆకులన్నీ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. శివపార్వతి లారీ మీదే కూలబడింది. కరీంబీ టీ తెచ్చిస్తే గ్లాసు చేతిలో పట్టుకుని చల్లారబెట్టింది. ఆ మొహం చూడలేక ఖాదర్‌బాషా పట్టా లాగి మొక్కల మీద కప్పాడు.

రెండు రోజులు పొగమంచులో నత్తనడకన నడిచి కర్నాల్ చేరారు. సుబేదారు లారీ ఎక్కి, నల్లబడిన ఆకు ఒకటి తుంచి, ఇదేంటని అడిగాడు.

"నీళ్ళు నేనే కొట్టించానని చెప్పండన్నా. మీరు చెప్పినా వినలేదని కూడా చెప్పండి" అంది శివపార్వతి.

ఖాదర్‌బాషా హిందీలో చెప్పింది వేరు. "తప్పు నాది సాబ్. నీళ్ళు కొట్టింది నేనే. పట్టా కప్పకుండా పడుకుంది నేనే. ఆమెకేం తెలీదు" అన్నాడు. తనను తిడితే ఏం పోయింది? డ్రైవరన్నాక తిట్లు కొత్తా? మొక్కలమ్మే మనిషికి మొక్కల సంగతి తెలీదని పేరొస్తే మాత్రం ఆమె కొంప మునిగినట్టే. సుబేదారు తిట్టడమంటే అలా ఇలా కాదు, బాషా తాతముత్తాతల దాకా వెళ్ళాడు.

భాష రాకపోతే మాత్రం తిట్లు ఎవరి మీద పడుతున్నాయో తెలియదా! శివపార్వతి చప్పున ఇద్దరి మధ్యకీ వచ్చింది. గుండెల మీద చెయ్యేసుకుని, "పానీ, మై. యే భాయ్ నై. మై" అంది. దారిలో చెవినబడ్డ నాలుగు ముక్కలూ అవే. ఆపైన ఒక మొక్క తీసి కాండం మీద గోటితో గీకింది. లోపల పచ్చగా, ప్రాణంతో ఉంది. ఇంకోటి గీకింది, అదీ పచ్చగానే ఉంది. మూడోది ఎండిపోయి గోధుమరంగులో ఉంది. దాన్నీ దాచకుండా తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టింది.

సుబేదారు తనే ఓ పాతిక మొక్కలు గీకి చూశాడు. తర్వాత కూలీలను కేకేసి దించమన్నాడు. ఖాదర్‌బాషా వైపు తిరిగి ఏదో అన్నాడు.

"ఏమంటన్నాడన్నా?" అంది శివపార్వతి.

"దింపుకుంటాడంటమ్మా. చచ్చినవాటికి బదులు మార్చిలో వేరే మొక్కలు తెమ్మంటన్నాడు" అన్నాడు. ఇంకో మాట కూడా ఉంది. అది చెప్పకుండా పట్టా మడతపెట్టడంలో పడ్డాడు.

"నువ్వు చెప్పవులే" అని కరీంబీ క్యాబిన్‌లోంచి దిగొచ్చింది. "అప్పుడు కూడా డ్రైవరు ఈ అబద్ధాలకోరే రావాలంటన్నాడమ్మా" అంది కళ్ళు తుడుచుకుంటూ.