పైరెక్కా, కిందిరెక్కా

రెక్క తలమీదుండే విమానంలో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను. మా ఫ్లయింగ్ క్లబ్బువాళ్లు ఇప్పుడు దాన్ని షెడ్డులో మూలకి తోసి, రెక్క కాళ్లకిందుండేదాన్ని తెచ్చారు. అదే ఇంజను, అంతే వేగం, తేడా ఏం ఏడ్చిందని అందరిముందూ కొట్టిపారేశాను. అయినా ఒక గంట ఎగిరి చూపించాలట. తప్పితే పాఠాలు చెప్పడానికి వీల్లేదట. పాఠాలు చెప్పడం తప్ప నాకింకేమీ చేతకాదని మా ఆవిడ అంటూనే ఉంటుంది. నిజమే, చేతకాదు.

పరీక్షించేది ఎవరయ్యా అంటే మా మరదలు. నా దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు నాకే పై అధికారి అయింది.

"తలుపు ఇటొక్కటే బావా. ముందు మీరెక్కండి. ఆ నల్లపట్టీ మీదే అడుగెయ్యాలి."

"రెక్క తొక్కి ఎక్కేదీ ఒక విమానమేనా?"

"నుదుటికి బొప్పి కట్టించని విమానం. మీ పాతదానికి ఆ మర్యాద లేదు."

పాతదాంట్లో రెండు రెక్కల్లోని పెట్రోలూ దానంతటదే కలిసి ఇంజనుకి జారేది. ఇందులో ఒకసారికి ఒక రెక్కే ఇస్తుంది. అరగంటకోసారి రెండు సీట్ల మధ్యనున్న మీట తిప్పి రెండోదానికి మార్చాలి; మరిచిపోతే ఆ రెక్క ఖాళీ అయి ఇంజను ఆగిపోగలదు.

"గుర్తుందిగా?" అంది.

"నాకా చెబుతున్నావ్!" అన్నాను.

పాతదాంట్లో మలుపు తిరిగితే రెక్క అడ్డొచ్చి, తిరగాల్సిన వైపే కనపడేది కాదు. ఇందులో కొండల దాకా కనిపించింది. ఎంత బాగుందో! పైకి మాత్రం అనలేదు. దిగేటప్పుడు కాసేపు నేలని తాకనని మొరాయించినా, బతిమాలి మెత్తగా దించాను.

"వెన్నలా దించారు బావా," అంది.

పొంగిపోతూ పెట్రోలు కట్టేద్దామని మీటమీద చెయ్యి వేశాను. అది కుడివైపుకి ఉంది. నేను ఎడమవైపు పెట్టి బయల్దేరాను. ఆ తర్వాత ముట్టుకోనేలేదు.

"ఎప్పుడు తిప్పావ్?"

"ముప్పై ఎనిమిదో నిమిషంలో. అప్పుడు మీరు పదేళ్ల కిందటి నా మలుపుల్ని తిడుతున్నారు."

ఇంజను ఆగలేదుగా అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆమె పెన్ను పట్టుకుని కాగితం వంకే చూస్తోంది. మొహంలో వేళాకోళం లేదు.

"రాయవేం?"

"ఏం రాయమంటారు?"

"ఫెయిలని. నేనైతే ఈపాటికి రాసేసి, తలుపు తీసి పొమ్మనేవాణ్ణి."

రాసింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆమెని చూస్తే అంతకు మించి గర్వంగా అనిపించింది.

"అయిదు పాఠాలు మళ్లీ కూర్చోవాలి. సోమవారం పొద్దున్న ఆరింటికి."

"ఎవరు చెబుతారు?"

"నేనే."

"కసురుకోవుగా?"

"కసురుకోకుండా చెప్పడం నాకెవరు నేర్పారు బావా?"